మసి గాజుముక్క

ఊరికి గ్రహణం సాయంత్రం. మంజునాథ్ సార్‌కు మాత్రం పొద్దున్నే పట్టుకుంది.

తొంభై తొమ్మిది ఆగస్టు. సూళగిరి పక్క ఊళ్లోని తెలుగు బడిలో అతను నాలుగో తరగతికి సైన్సు చెబుతాడు. చెప్పి ఊరుకునే రకం కాదు, చూపించాలి. అందుకే పగిలిన కిటికీ అద్దాలను ముక్కలు చేసి, బుడ్డి దీపం మీద మసి పట్టించి, పిల్లకొకటి సిద్ధం చేశాడు.

ఊరు ఒప్పుకోలేదు. గ్రహణం వేళ పిల్లల్ని గడప దాటిస్తారా అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి పోట్లాడారు.

అతని తరగతిలోని రేణు వాళ్లవ్వ పేరు చిన్నమ్మ. ఆమె అయితే తలుపే మూసేసింది.

"ఈ పిల్లను మాత్రం పంపను సార్. బయటికొస్తే కండ్లు పోతాయి."

"నేనుండాను కదవ్వా. ఏమన్నా అయితే నన్నడుగు."

తరగతిలో ఊపిరాడనీయకుండా ప్రశ్నలు వేసేది రేణే. ఆ పిల్ల లేకుండా గ్రహణం చూపించడానికి అతనికి మనసొప్పలేదు. చేయి పట్టుకుని తనే తీసుకొచ్చాడు.

సాయంత్రం మబ్బు విడిపోయింది. పిల్లలు బడి ముందు వరుసగా నిలబడ్డారు.

అప్పుడే బస్సు దిగి ఒక ముసలామె గబగబా వచ్చింది. ఈ ఊరి మనిషి కాదు. భుజాన గుడ్డసంచి.

"ఆ గాజుముక్కల్లో చూడొద్దని చెప్పప్పా. పిలకాయల కండ్లు పోతాయి."

మంజునాథ్‌కు ఒళ్లు మండింది. ఉన్న ఊరు చాలదని పొరుగూరు కూడానా.

"యాడినుంచి వచ్చినావమ్మా?"

"బాగలూరు పక్కనుంచి. నా మాట కొంచెం..."

మాట్లాడుతోందే గాని ఆమె అతని మొహంలోకి చూడటం లేదు. చెవి పక్కగా ఎటో చూస్తోంది. ఎదుటి మనిషి మొహం చూడలేనిది నిజం చెబుతుందా అనుకున్నాడు.

ఆమె సంచిలో తడిమి ఒక అట్టముక్క తీసింది. దాని నడుమ సూదితో పొడిచిన బెజ్జం.

"చూడాలంటే దీన్ని పట్టుకోని..."

"తాయెత్తులు, మంత్రాలు ఈడ వద్దమ్మా. ఇది సైన్సు."

"నేను గూడా..."

"పోమ్మా. ఆలస్యమైతే గ్రహణం అయిపోతుంది."

పిల్లలు నవ్వారు. రేణు అందరికంటే గట్టిగా నవ్వింది.

ముసలామె గేటు బయటికి పోయి నిలబడింది. పిల్లలు గాజుముక్కలు ఎత్తగానే కొంగుతో మొహం కప్పుకుంది.

"సార్, సూర్యుడు కొరికిన దోసె మాదిరి ఉండాడు."

అన్నది రేణే. మిగిలిన పిల్లలు కాసేపు చూసి ఆటల్లో పడ్డారు. రేణు మాత్రం కన్నార్పకుండా చివరిదాకా చూసింది. మంజునాథ్ ఆ పిల్ల వీపు తట్టాడు.

మర్నాడు తరగతిలో రేణు లేచి నిలబడింది.

"సార్, బోర్డు నడుమ నల్లగా ఉంది."

అతను డస్టర్ తీసి ఇంకోసారి తుడిచాడు.

"పోలేదు సార్. మీ మొహం గూడా కనపడలే."

అతన్ని చూడటానికి ఆ పిల్ల మెడ కాస్త తిప్పి, అతని చెవి పక్కగా చూసింది.

ఆ చూపు మంజునాథ్‌కు తెలుసు. పాఠం ఆపేసి రేణు అవ్వకు కబురు పెట్టాడు.

హోసూరులో కంటి డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు.

"మసి పూసిన గాజులో చూపించినారా?"

మంజునాథ్ తలూపాడు.

"మసి వెలుతురును తగ్గిస్తాదంతే సార్. కన్ను లోపల కాలేది కాలుతానే ఉంటాది. నొప్పి గూడా తెలీదు."

"బాగవుతుందా సార్?"

"కొంచెం తగ్గొచ్చు. మొత్తం చూపొస్తాదని మాట ఇయ్యలేను."

చిన్నమ్మ బెంచీ మీద కూర్చుని మనవరాలి జడ సవరిస్తోంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మంజునాథ్‌కు.

డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"మీ బడికి మునివెంకటమ్మ రాలేదా? గ్రహణమంటే చాలు, అట్టముక్క పట్టుకోని బడి బడికీ తిరుగుతాది. ఆ బెజ్జంలోనుంచి ఎండ గోడ మీద పడితే గ్రహణం ఆడనే కనపడుతుంది, కంటికేం భయం లేదు."

"వచ్చింది సార్. నేనే పొమ్మన్నాను."

మంజునాథ్ డాక్టరు దగ్గరికి జరిగాడు.

"ఎవరామె?"

"మీ మాదిరే సైన్సు టీచరమ్మ. ఎనభైలో గ్రహణం రోజు, పిలకాయలకు ఇచ్చే ముందర, మసి గాజుముక్కలన్నీ తన కంటికే పెట్టి చూసుకునింది, చూపు నడుమ నల్లబడేసరికి పిలకాయలకు ఒక్కటీ ఇయ్యలేదు."