తొమ్మిదో సాక్షి

"లేవండి పెద్దాయనా. జడ్జిగార్లు వస్తుంటే కనపడట్లేదా?" బంట్రోతు గదమాయించాడు.

హాలంతా లేచి నిలబడింది. వెనక బెంచీ మీద పెద్దాయన మాత్రం కూర్చునే ఉన్నాడు. ఉలిక్కిపడి లేచేసరికి జడ్జీలిద్దరూ కూర్చోనే కూర్చున్నారు.

"అలవాటు లేదు నాయనా," అన్నాడు మెల్లగా.

"వచ్చిన ప్రతి వాయిదాకీ ఇదే తంతు," అని బంట్రోతు గొణిగాడు.

లాయరమ్మకు జాలేసింది. మోకాళ్ళ నొప్పులు కాబోలు అనుకుంది.

ఆవిడ కోర్టు పెట్టిన ఉచిత లాయరు. సందులో ఎవణ్ణో కత్తితో పొడిచాడని ఒక వడ్రంగికి పదేళ్ళు పడింది. మూడేళ్ళు గడిచాయి. ఈ అప్పీలు పోతే మిగతా ఏడూ లోపలే. వడ్రంగి తరఫున ఆవిడ గుమ్మం తొక్కినవాడు ఈ పెద్దాయన ఒక్కడే. మూడు నెలల కిందట గొడుగు చంకన పెట్టుకుని వచ్చి, "ఆ వడ్రంగి కేసు మీ దగ్గరే ఉందటగా అమ్మా," అన్నాడు. పేరు చెప్పలేదు. కన్నతండ్రి కాక ఇంకెవరొస్తారని ఆవిడా అడగలేదు.

"ఇక్కడ సాక్షుల్ని మళ్ళీ పిలవరు పెద్దాయనా. కింది కోర్టు కాగితాల్లో ఉన్నదే చూస్తారు. తీర్పులో తప్పు దొరికితేనే మనకు దారి," అంది ఆ రోజు.

"దొరుకుతుంది. నూట పన్నెండో పేజీ తియ్యండి."

తీసింది. తొమ్మిదో సాక్షి, కరెంటు మనిషి. ఆ సందులో దీపం అప్పటికి నాలుగు రోజులుగా వెలగట్లేదని చెప్పాడు. దీపం వెలుతుర్లో వడ్రంగి మొహం చూశానని ఎవరో అన్న మాట మీదే శిక్ష పడింది. ఆవిడ తీర్పంతా తిరగేసింది. కరెంటు మనిషి ఊసే లేదు.

"ఇంత పెద్ద మాట జడ్జిగారు ఎలా వదిలేశారు?"

"సరిగ్గా భోజనాల వేళకు చెప్పాడమ్మా. ఆకలి రుచే కాదు, మాటా ఎరగదు."

రోజూ కోర్టులో కూర్చుని విన్నాడు పాపం అనుకుంది.

వాదన రాసేటప్పుడు ఆవిడ 'గౌరవనీయులైన జడ్జిగారి దృష్టికి రాలేదు' అని పెట్టింది. పెద్దాయన జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి ఆ ముక్క కొట్టేశాడు.

"చూడలేదు అని రాయండి. మొహమాటం దేనికి?"

"అంత ఘాటుగా రాస్తే పై జడ్జీలు నొచ్చుకుంటారండీ."

"నొచ్చుకోవలసింది వాళ్ళు కాదు."

ఇవాళ పెద్ద జడ్జి నూట పన్నెండో పేజీని రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి సర్కారు లాయరు వంక చూశాడు.

"దీపమే లేనప్పుడు మొహం ఎలా కనపడిందండీ?"

సర్కారు లాయరు కాగితాల కట్ట అటూ ఇటూ తిప్పాడు. "కింది కోర్టు నమ్మింది కదండీ."

"కింది కోర్టు రెండు మాటలూ వింటే కదా, ఏది నమ్మాలో తేలడానికి."

వెనక బెంచీలో పెద్దాయన తల దించుకున్నాడు.

భోజనాల వేళ దాటింది. జడ్జీలు లేవలేదు. ఆ తొమ్మిదో సాక్ష్యం మొదటి నుంచి చివరి దాకా పైకి చదివించుకుని, అప్పుడు శిక్ష కొట్టేశారు.

జైలు నుంచి తీసుకొచ్చిన పోలీసులు వడ్రంగి చెయ్యి వదిలారు. అతను ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"రంపం పట్టడం మర్చిపోయానేమో అమ్మా."

"ఎక్కడికీ పోదులే. ముందు అటు చూడు. మూడు నెలలు నా గుమ్మం అరగదీశాడు మీ నాన్న. వెళ్ళి దండం పెట్టు."

వడ్రంగి వెనక్కి తిరిగాడు. ఈసారి ఎవరూ గదమాయించకుండానే పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు. చంకలోంచి గొడుగు జారుతోంది.

వడ్రంగి ఆయన మొహం చూశాడు. తర్వాత నెమ్మదిగా నడిచి వెళ్ళి, పడిపోబోతున్న గొడుగు అందుకుని, ఇంకో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"మా నాన్న నా చిన్నప్పుడే పోయాడమ్మా," అన్నాడు లాయరమ్మతో. "నాకు పదేళ్ళు వేసిన జడ్జిగారు ఈయన."