పొయ్యికి కోపం వచ్చిన రోజు

వస్తువులన్నీ మాట్లాడే రోజులవి. వాటి ప్రోగ్రాముల్లోంచి మనుషులకు వినిపించాల్సిన వాక్యాలను, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి ఇవ్వడం శ్రీకాకుళంలో ఉండే రాజ్యం ఉద్యోగం. ఏరినవి ఏ ఊళ్ళో ఆ ఊరి యాసలోకి మారిపోయేవి. వదిలేసినవి ఇంగ్లీషులోనే ఉండిపోయేవి. వాళ్ళింటి పొయ్యి మాటలు ఏరింది కూడా తనే. అందుకే అత్తగారు అసిరమ్మకి పొయ్యితో ఒకటే కబుర్లు.

ఆ ఉదయం వంటింట్లో అత్త కబుర్లు వినబడకపోయేసరికి రాజ్యం తొంగి చూసింది. అసిరమ్మ పొయ్యి పక్కనే చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏటయిందత్తా?"

"పొయ్యికి కోపమొచ్చినట్టుందే. ఇంగిలీసులో తిడతంది. మీ మావా అంతే గదా, కోపమొస్తే ఇంగిలీసే. సల్లారేదాకా మనం మాటాడకూడదు."

పొయ్యి మళ్ళీ ఇంగ్లీషులో అరిచింది. అప్పుడు తగిలింది గ్యాసు వాసన. రాజ్యం గబగబా గ్యాసు కట్టేసి, కిటికీలు తెరిచి, అత్తను వాకిట్లోకి లాక్కొచ్చింది.

"తిట్టలేదత్తా. గేసు కారతంది, బయటికెలిపోమంది."

అసిరమ్మ తెల్లబోయింది. "ఉప్పు సాలిందా, పప్పుడికిందా అని మన బాసలో అడుగుద్ది. పేణం పోయే మాట ఇంగిలీసులోనా?"

రాజ్యానికి అప్పుడు గుర్తొచ్చింది. రోజూ వినబడే మాటలన్నీ ఏరింది. ఎప్పుడో గాని అవసరం రాదులే అని ఈ ఒక్కటీ వదిలేసింది తనే.

మర్నాడు ఆ మాటను సరిచేసి, పని చేస్తోందో లేదో చూద్దామని పొయ్యి మీది పరీక్ష మీట నొక్కింది.

"అమ్మా, గేసు కారతంది! బేగి బయటికెలిపో!" అని అరిచింది పొయ్యి.

అసిరమ్మ ఒక్క ఉరుకున వాకిట్లో పడింది. అక్కణ్ణుంచే కేకేసింది: "కోడలా, నువ్వూ రాయే! అంత మంచిగా సెప్తంటే ఇనిపించనేదేటి?"