బావ ఒప్పుకున్నాడు

“నెపోలియన్ పొట్టివాడు కాదు బావా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

మాట గొట్టంలోంచి వచ్చింది. బెత్తెడు వెడల్పు ఇనప గొట్టం అది. నేలలోకి దిగి, కూలి నిప్పంటుకున్న బొగ్గు గనిలో బామ్మర్ది చిక్కుకున్న చోట తేలుతుంది. గాలీ, నీళ్ళ సీసా, బిస్కెట్లూ, కబుర్లూ అన్నీ అందులోంచే. పైన బావ బోర్లా పడుకుని గొట్టం మూతికి చెవి ఆనించాడు.

“మరి లోకమంతా పొట్టివాడని ఎందుకంటుంది?”

“వాళ్ళ దేశపు అంగుళం పెద్దది. ఇంగ్లీషువాళ్ళ అంగుళం చిన్నది. ఆ కొలత తెచ్చి ఈ కొలతలో చదివారు. మనిషి కుంచించుకుపోయాడు. పైగా ఎగతాళి బొమ్మలు కూడా వేశారు.”

“సరేరా. పొట్టివాడు కాదు.”



“ఏంటి బావా, ఒప్పేసుకున్నావ్? ఒంట్లో బాగానే ఉందా?”

గనిలో అన్నం గిన్నెలు విప్పిన ప్రతిసారీ ఇద్దరికీ ఇదే యుద్ధం. ఎప్పుడో చచ్చిన రాజుల కోసం గొంతులు చించుకునేవాళ్ళు. బావ మేస్త్రి. ఓడిపోయినా ఒప్పుకున్న పాపాన పోలేదు.

“అయితే నీరో సంగతి కూడా చెప్పు,” అన్నాడు బామ్మర్ది. “రోము తగలబడుతుంటే ఫిడేలు వాయించాడా?”

“అప్పటికి ఫిడేలే పుట్టలేదంటావు. అంతేగా?”

“పుట్టలేదు. మంట లేచినప్పుడు ఊళ్ళో కూడా లేడు. కబురు తెలిశాక వచ్చాడు. అయినా అవతల మంట మండుతుంటే పక్కన కూర్చుని కాలక్షేపం చేసేవాడు ఉంటాడా బావా?”

“ఉండడు.”

బావ మొహం తుడుచుకున్నాడు. వెనకాల మిషను తిరుగుతోంది. పనివాళ్ళ బూట్ల నిండా బూడిదరంగు బురద. నీళ్ళ ట్యాంకరొకటి వచ్చి ఆగింది.

“రాయి నలుగుతున్న చప్పుడు ఇక్కడికి బాగా వినిపిస్తోంది బావా. ప్రాణం లేచొస్తోంది. పక్కనే నాకోసం పెద్ద కన్నం తవ్వుతున్నారన్నావు కదా, ఎంతవరకు వచ్చింది?”

“దగ్గరికొచ్చింది.”

“తూర్పు వైపు వాళ్ళు? మీవాడు, నా మేనల్లుడు, ఆ పూట అటే కదా దిగాడు?”

“అటేరా. అందరూ బతికే ఉన్నారు. దారి ఇంకాస్త తీయాలి.”

“త్వరగా తీయమను. ఇక్కడి పొగంతా అటే లాగుతోంది. ఇటు గాలి దొరికినంతసేపూ ఈ మంట చావదు. నన్ను లాగిన మరుక్షణం ఈ గొట్టం మూయించెయ్.”

“అలాగే.”

“అక్క ఏడుస్తోందా?”

“ఇంటికి పంపేశాను. నీకు వేడినీళ్ళు కాచి పెట్టమన్నాను.”

“బకెట్టు చాలదు, గంగాళం పెట్టమనాల్సింది! నన్ను చూస్తే బొగ్గుకే సిగ్గేస్తుంది.” కింద నవ్వు, దాని వెనకే దగ్గు. “ఇంతదాకా వచ్చాం, ఆ ఓడ తగువు కూడా తేల్చెయ్ బావా.”

అది ఏళ్ళ తగువు. టైటానిక్ ఓడ. మంచుకొండ కనపడగానే పక్కకి తిప్పారు, పక్క చీలి మునిగింది. తిప్పకుండా నేరుగా గుద్దించి ఉంటే ముక్కు నలిగేది గానీ ఓడ మునిగేది కాదని బామ్మర్ది వాదన. ఆ ముక్కులో పడుకున్నది బొగ్గు ఎగదోసే పనివాళ్ళురా, మనలాంటి వాళ్ళురా అని బావ అరిచేవాడు. పడుకున్నవాడి మీదికి ఓడ తోలే హక్కు ఎవడిచ్చాడని, తింటున్న గిన్నె మూసేసి లేచిపోయిన రోజులున్నాయి.

“చెప్పు. తిప్పాలా, గుద్దించాలా?”

ఇంజనీరు వచ్చి బావ పక్కన నిలబడ్డాడు. గడియారం చూసుకున్నాడు. ఒక్క నిమిషం అన్నట్టు బావ వేలు చూపించాడు.

“గుద్దించాలి.”

“అమ్మయ్య! మరి ముక్కులో పడుకున్నవాళ్ళు?”

“అది నువ్వే చెప్పు. వాళ్ళని ముందు లేపాలా?”

“లేపి ఏం ఉద్ధరిస్తాం? పారిపోవడానికి దారేదీ? ఉన్న కాసేపూ భయంతో చస్తారు. నిద్రలో పోవడమే నయం. నేనైతే లేపను.”

“లేపవు.”

“లేపను. ఒకళ్ళిద్దరి కోసం ఓడంతా ముంచుకుంటామా?”

బావ గొట్టం మీద నుదురు ఆనించాడు.

“నువ్వే గెలిచావురా.”

“ఈ మాట పైకొచ్చాక నలుగురిలో అనాలి. అక్క ముందు కూడా అనాలి. ఒట్టు?”

“ఒట్టు.”

“ఇప్పుడు నిద్రొస్తోంది బావా. గెలిచినవాడికి నిద్ర పడుతుంది కాబోలు.”

“పడుకో. నేను లేపుతాలే.”

“చప్పుడు బాగా దగ్గరికొచ్చేసింది!”

“వచ్చేసిందిరా. కళ్ళు మూసుకో.”

బావ లేచాడు. నీళ్ళ సీసా దింపే తాడు పైకి లాగి, మెల్లగా చేతికి చుట్టుకున్నాడు. ఇంజనీరు వైపు చూసి తలూపి, పక్కకి తప్పుకున్నాడు.

కాంక్రీటు మిక్సరు మూతిని గొట్టం మీదికి వంచారు.