ఫుట్‌పాత్ మీద డెన్నీ

మిసెస్ వెల్మా స్ట్రోబెల్ తన ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎనభై ఆరేళ్ళ మనిషి. కుర్చీ కింది కాంక్రీటు పలక మీద గులాబి రంగుతో ఇంటూ గుర్తు వేసి ఉంది. ఆ గుర్తున్న పలకను పగలగొట్టి, కొత్తది పోయాలని పురపాలక సంఘం ఉత్తర్వు.

ఉత్తర్వులో అన్యాయమేమీ లేదు. విస్కాన్సిన్ చలికి నేల గడ్డకట్టి, ఆ పలకను పక్కవాటికంటే రెండంగుళాలు పైకెత్తింది. పోస్టుమాన్ ఇప్పటికి రెండుసార్లు బోర్లా పడ్డాడు.

మేస్త్రీ లెరాయ్ కొవాల్కీ యంత్రం దించుకుని, కాస్త లేవమని వినయంగా అడిగాడు. ఆవిడ లేవలేదు. పాదం పక్కకు జరిపి పలకను చూపించారు. దాని మీద వేలితో రాసిన వంకర అక్షరాలు: డెన్నీ, 1971.

లెరాయ్ వంగి అక్షరాలు చదివాడు. తరువాత, అక్షరాలున్న ముక్కను జాగ్రత్తగా కోసి ఇంట్లో పెట్టి వెళతానన్నాడు.

"కదిలిస్తే దానికి విలువ ఉండదు నాయనా. ఎక్కడ జరిగిందో అక్కడే ఉండాలి."

లెరాయ్ టోపీ తీశాడు. "ఇక్కడేనా అమ్మా?"

"ఇక్కడే. నేను లోపల ఫోను మాట్లాడుతున్నాను. ఐదు నిమిషాలు. అంతే."

యంత్రం తిరిగి బండెక్కింది.

శుక్రవారం చర్చి హాల్లో, వేయించిన చేపల విందు దగ్గర, లెరాయ్ ఈ సంగతి బల్ల బల్లకూ వెళ్ళి చెప్పాడు. ఆవిడకు పిల్లలున్నారో లేరో అంతవరకూ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం అందరికీ అంతా అర్థమయింది. ఆవిడ ప్రతి ఆదివారం పళ్ళ బ్రష్షుతో ఆ అక్షరాలను తోమడం, మంచు కురిసినప్పుడు దాన్ని కరిగించే ఉప్పును ఆ పలక మీద చల్లనివ్వకపోవడం, ఏటా మే నెలలో దానికి ఫోటో తీయడం.

తెల్లవారేసరికి పలక మీద పూలగుత్తులు, రెండు ఎలుగుబంటి బొమ్మలు వెలిశాయి. మిసెస్ స్ట్రోబెల్ అన్నిటినీ ఎత్తి చెత్తడబ్బాలో వేశారు. పూల తడికి అక్షరాలు చెడిపోతాయని, ఆమాత్రం ఇంగితం ఉండనక్కర లేదా అని వీధి మొత్తానికి వినబడేలా అడిగారు. అదే వరసలో ఉన్న బేకరీ ఫ్లాయిడ్ ఆ మాట విని లోపలికి వెళ్ళి, పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

పురపాలక సంఘం విచారణకు పిలిచింది. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు.

"యాభై ఏళ్ళకు పైగా చూస్తున్నాను. నాకు న్యాయం జరగలేదు," అన్నారు మిసెస్ స్ట్రోబెల్. అంతకుమించి చెప్పలేదు. అడగబోయినవాళ్ళను పక్కవాళ్ళు మోచేత్తో పొడిచి ఆపారు.

ఫుట్‌పాత్‌లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఒక్కడే అభ్యంతరం చెప్పాడు. రేపు ఎవరైనా తట్టుకుని పడి పళ్ళు రాలగొట్టుకుంటే ఎవరిది పూచీ అన్నాడు. ఆ వీధిలోనే ఉన్న పళ్ళ డాక్టరు లేచి, తనదేనన్నాడు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ పలకను ముట్టుకోరు. దాని బదులు వీధి పొడవునా, బేకరీ గడప నుంచి పళ్ళ డాక్టరు మెట్ల దాకా, మిగిలిన పలకలన్నిటికీ రంధ్రాలు తొలిచి, కిందికి చిక్కటి సిమెంటు నీళ్ళెక్కించి, వాటినే రెండంగుళాలు పైకి లేపుతారు. పలక చుట్టూ ఇనుప కంచె, ముందు ఒక ఇత్తడి ఫలకం.

అధ్యక్షురాలు ఆర్డిస్ లిండ్‌గ్రెన్ వేదిక దిగి వచ్చి, ఆవిడ చేయి పట్టుకున్నారు. "వెల్మా గారూ, ఫలకం మీద బాబు గురించి ఏం రాయించమంటారు?"

"పందొమ్మిది వందల డెబ్బై ఒకటి మే పద్దెనిమిదిన, నేను పోయించిన సిమెంటు ఆరకముందే దాని మీద పేరు గీకి పారిపోయిన ఈ డెన్నీ అనే వెధవ ఎవరో తెలిసినవారు పద్నాలుగో నంబరు ఇంట్లో చెప్పవలెను, అని రాయించండి."