కుంచం కింద పుస్తకాలు

మన నల్లవాళ్ల పుస్తకాల గొంతు నులిమిందెవరు? తెల్లవాళ్లే అంటారా? కాస్త ఆగి మీ పాస్టరు మాట వినండి.

ఈ పొద్దున సిస్టర్ ఒజెల్లాతో కలిసి మన మిసిసిపీ ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. ఆమె తాతను తెల్లమూక చెట్టుకు ఉరి తీసింది. ఆయనకు సమాధి లేదు. ఆయన పేరున్నది అక్కడి ఒక్క పుస్తకంలోనే. వారం వారం వెళ్లి, ఆ పేజీ మీద చెయ్యి ఆనించి వస్తుంది ఒజెల్లా.

ఈరోజు ఆ పుస్తకం లేదు.

"మా పుస్తకమే మీ కంట్లో నలుసైందా?" అని గర్జించాను.

బల్ల వెనక కూర్చున్న అమ్మాయి మన నల్లబిడ్డే. బిక్కమొహం వేసింది. "పదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాలు తీసెయ్యాలని రూలు, అయ్యగారూ. అది వంటల పుస్తకాల వెనక దొరికింది. పొద్దున్నే చిత్తుకాగితాల లారీలో పోయింది."

ఒజెల్లా బల్ల దగ్గరికి వచ్చింది. "అక్కడ దాచింది నేనే తల్లీ. తెల్లోళ్ల కంటపడితే తగలబెడతారని."

"అలాగని ఎవరు చెప్పారమ్మమ్మా?"

ఒజెల్లా నా వంక చూసింది.

దీపం వెలిగించి కుంచం కింద పెట్టరన్నాడు ప్రభువు. పెట్టమని బోధించింది నేను. నా మాట విని మీరూ గ్రంథాలయం అరల్లో తలా ఒకటి దాచారు. అవింకా ముప్పై ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి రెండో లారీ వస్తుంది. పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలేసి రండి. దాచిన చోటి నుంచి తీసి, మీ పేరున రాయించుకుని, ఇంటికి తీసుకెళ్లండి. ఈరోజే!