చెట్టుకు చెట్టు

మార్చి రెండో సోమవారం పొద్దున అఘనాశిని నది ఒడ్డున సుబ్రాయ హెగడే మామిడిచెట్టును ఎవరో ఒక్క కొమ్మ మిగలకుండా నరికేశారు. కొమ్మలను తాళ్లతో కిందికి దించి, పిందెలు దూసుకుని వెళ్లిపోయారు. నేలకు తగిలిన పిందె ఉప్పులో ఊరేస్తే కుళ్లిపోతుంది. అందుకే తాళ్లు. బుధవారం దాకా సంగతి ఎవరికీ తెలియలేదు.

కబురు అంది నాగవేణి సిర్సి నుంచి స్కూటరు మీద వచ్చేసరికి సుబ్రాయ మోడు పక్కన కూర్చుని ఉన్నాడు.

"రావమ్మా, రా. ఇది కూడా ఫొటో తీసి నీ సైటులో పెట్టుకో."

"మావా..."

"ఈ చెట్టు ఎక్కడుందో చచ్చిపోయిన మా ఆవిడక్కూడా చెప్పలేదు. మిడి పిందె ఎక్కడిది అంటే అడివిది అనేవాణ్ణి. నువ్వొచ్చి మా అరుగు మీద కూర్చుని 'ఒక్క చెట్టు మావా, సైటు చచ్చిపోతోంది' అని ఏడిచావు. నీ సైటు బతికిందిగా!"

బతికింది. ఊరగాయ పెట్టే అడవి మామిడి పిందెను అక్కడ అప్పె మిడి అంటారు. ఏ చెట్టు ఎక్కడుంది, దాని సొన ఏ వాసన వేస్తుంది అన్నది నాగవేణి సైటులో జనమే రాయాలి. చదివినవాళ్లు వెళ్లి పుల్ల తెచ్చుకుని అంటు కట్టుకోవాలి. రెండేళ్లలో పదకొండు చెట్లు చేరాయి. తన చెట్టు గుట్టు ఎవరు విప్పుతారు? అందుకని నిరుడు ఆమె ఒక నియమం పెట్టింది. మీరు ఒక చెట్టు ఇస్తే, మీరు కోరిన చెట్టుకు దారి మీకు తెరుచుకుంటుంది. ఆ తర్వాత చెట్లు అరవై దాటాయి.

"దీని దారి చూసింది ఒక్కరే మావా. సైటులో ఆయన పేరు మలెనాడు మిత్ర. ఆయన అలాంటివాడు కాదు."

"నీకెలా తెలుసు?"

"సైటులో సగం చెట్లు ఆయనిచ్చినవే. ఈ ఫొటోలు చూడండి. నాలుగు వైపుల నుంచీ, ప్రతి కొమ్మా విడిగా. ప్రేమ లేనివాడు ఇంత ఓపిగ్గా తీస్తాడా?"

"మనిషిని చూశావా?"

"లేదు."

"చెట్లనన్నా చూశావా?"

"సైటులో కొత్తవి సర్దడానికే పొద్దు చాలదు మావా."

సుబ్రాయ నేల మీది పుల్ల ఒకటి తీసి ఇచ్చాడు. "అంటుకు పనికొస్తుందా?"

నాగవేణి వంచి చూసింది. పుటుక్కున విరిగింది.

"మీ పుట్టింటి వాగు ఒడ్డున జీలకర్ర వాసన మిడి ఉండాలి. అదీ సైటులో ఎక్కించావా?"

"ఒకటో నంబరు అదే. దానికోసమే సైటు పెట్టాను."

"దాని దారి ఎవడన్నా అడిగాడా?"

"ఇంతవరకూ లేదు."

"అడిగితే నువ్వు తెరవాలా?"

"అక్కర్లేదు. చెట్టు ఇవ్వగానే దానంతట అదే తెరుచుకుంటుంది."

మిత్ర ఇచ్చిన చెట్లలో మూడు ఆ లోయలోనే ఉన్నాయి. అక్కడివాళ్లకు ఆయన తెలిసే ఉంటాడని, నరికినవాళ్ల ఆచూకీ చెప్పగలడని నాగవేణి అంది. సుబ్రాయ స్కూటరు వెనక ఎక్కాడు.

మొదటి చెట్టు దగ్గర ఒకామె గడ్డి కోస్తోంది.

"అమ్మా, ఇక్కడ అప్పె చెట్టు ఉండాలి?"

"ఉండేది. అదిగో, దాన్ని ఆనుకునే నిలబడ్డావు."

నాగవేణి చెయ్యి తీసింది. మోడు మీద పుట్టగొడుగులు మొలిచాయి.

"ఎప్పుడు కొట్టారు?"

"రెండేళ్లయింది. జీపులో వచ్చారు. ముందు చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నారు, పెళ్లికూతురికి తీసినట్టు. ఎందుకయ్యా అంటే, ఏ కొమ్మకు ఎక్కడ తాడు కట్టాలో చూసుకోవాలన్నారు. మధ్యాహ్నానికల్లా దించేశారు."

నాగవేణి ఫోనులో ఉన్న ఫొటో చూపించింది.

"ఇదే. ఆ రోజుదే. అదిగో నా గడ్డిమోపు," అంది ఆమె.

రెండో చెట్టూ మోడే. మూడోదాని దగ్గర సుబ్రాయ స్కూటరు దిగలేదు. నాగవేణి వెళ్లి చూసి వచ్చింది. అదీ మోడే. కొంత దూరం పోయాక సుబ్రాయ అన్నాడు.

"తను తిన్న ఎంగిలాకు నీకిచ్చి, వడ్డించిన ఆకు పట్టుకుపోతున్నాడు."

"నేనే వడ్డించాను మావా."

"ఎన్నిచ్చాడు ఇప్పటికి?"

"ముప్పై దాటాయి."

"అన్నీ పోయినట్టేనా?"

నాగవేణి స్కూటరు వేగం పెంచింది.

"మూసెయ్యి. ఆ సైటు ఇప్పుడే మూసెయ్యి."

"లోయలో సిగ్నలు లేదు. పొద్దుట్నుంచీ లేదు. పైకెక్కాలి."

ఘాటు రోడ్డు ఎక్కేసరికి మూడు దాటింది. మలుపులో ఫోను మోగింది. నాగవేణి స్కూటరు ఆపి చూసింది. సైటు మిత్రకు పంపిన సందేశం నకలు. అందులో మాటలు ఆమె రాసిపెట్టినవే.

"ధన్యవాదాలు, మలెనాడు మిత్ర గారూ. మీరిచ్చిన చెట్టు చేరింది. మీరు కోరిన ఒకటో నంబరు చెట్టుకు దారి ఇది."

ఆ రోజే పొద్దున ఎనిమిదింటికి వెళ్లింది.

"ఏంటమ్మా?" అన్నాడు సుబ్రాయ.

కింద మిత్ర జవాబు ఉంది. పదకొండింటికి రాశాడు.

"దొరికింది మేడమ్. ఫొటోలు తీసుకున్నాం."