బండి వెనక మనిషి

ఆ ఆదివారం పొద్దున మబ్బు దిగి వచ్చి వెలిగొండ నెత్తిన కూర్చుంది. కురవదు, పోదు.

స్టేషన్ ముందు బండి ఆగింది. నడుపుకుంటూ వచ్చినవాడు కాశయ్య. వెనక కూర్చున్నది ఒక ముసలాయన, చేతిలో క్యారియర్.

ఎస్సై లీదియా కిటికీలోంచి చూసింది. ఆమె ఈ స్టేషన్‌కు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

రౌడీషీటు ఉన్నవాళ్ళు ఆదివారం పొద్దున స్టేషన్‌కు వచ్చి కనపడి పోవాలి. కాశయ్య బోరు నీళ్ళ తగాదాలో ఒక కుర్రవాణ్ణి గొడ్డలితో నరికి చంపాడు. సాక్షులు మాట మార్చారు. కేసు పోయింది, షీటు మిగిలింది.

ముసలాయన ఎవరో స్టేషన్‌లో ఎవరికీ తెలియదు. పాత సిబ్బందిని ఒక్కసారే బదిలీ చేశారు. ఊళ్ళ గుట్టు తెలిసినవాళ్ళంతా అట్లా పోయారు. వాళ్ళ బదులు కొత్త ఫోన్ ఒకటి వచ్చింది. మనిషి ముఖానికి ఎదురుగా పెడితే పాత కేసులన్నీ చెబుతుంది.

కాశయ్య ముఖానికి చాంతాడంత చరిత్ర వచ్చింది. ముసలాయన ముఖానికి ఏమీ రాలేదు. ఇక ఆయన పేరేమిటని కూడా ఎవరూ అడగలేదు.

"తండ్రై ఉంటాడులే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ గౌస్ మొహిద్దీన్. అతనూ కొత్తవాడే.

లీదియాకూ అట్లాగే అనిపించింది. లోపల ఉన్నంతసేపూ ముసలాయన కాశయ్య పక్కనే, బెంచీ మీద కూర్చుంటాడు. తర్వాత ఇద్దరూ బయటికి పోతారు. ఆవరణలో వేపచెట్టు నీడ ఉన్నా అక్కడ కూర్చోరు. ఎదురుగా కల్వర్టు గట్టు మీద, ఎర్రటెండలో, అర్ధవీడు ఆటోల్లో పోయే జనమంతా చూస్తుండగా ఒకే క్యారియర్ విప్పుకొని తింటారు. తిన్నంతసేపూ కాశయ్య తల ఎత్తడు.

రౌడీకి గోరుముద్దలు పెడుతున్నాడని కానిస్టేబుళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజు లీదియాకు నవ్వు రాలేదు. వెంట మనిషి, వేళకు అన్నం, ఇక వీడికి స్టేషనంటే భయమేముంటుంది అనుకుంది. ముసలాయన్ని లోపలికి పిలిచింది.

"కొడుకును అదుపులో పెట్టాల్సిన రోజు పెట్టలేదు. ఇప్పుడు క్యారియర్ మోస్తున్నావా పెద్దాయనా?"

గుమ్మం దగ్గర కాశయ్య ఏదో అనబోయాడు. ముసలాయన చేత్తో వారించాడు.

"వచ్చే వారం నుంచి వాడొక్కడే రావాలి," అంది.

"నేను పక్కన ఉండాల తల్లీ. వాణ్ణి ఒంటిగా తిప్పొద్దు."

"ఎవరివల్ల భయం? పేరు చెప్పు. ఈ ఫోన్‌లోకి ఎక్కించి కన్నేసి ఉంచుతాం."

ముసలాయన నోరు తెరిచాడు. బల్ల మీది ఫోన్ వంక చూశాడు.

"దాంట్లోకి ఎక్కినోడి ముఖం మళ్ళ పోతాదా తల్లీ?"

"పోదు."

"యాడికన్నా పనికి పోయినా, పెళ్ళికి పిల్లను అడగను పోయినా?"

"ఎక్కడికి పోయినా ఉంటుంది."

తెరిచిన నోరు మూసుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకొని లేచాడు.

తరువాతి ఆదివారం లీదియా మార్కాపురంలో ఉంది. పోలీసులు జనంలో కలిసి మెలగడం ఎట్లా అని సమావేశం. ఆమె కూడా మాట్లాడింది. చప్పట్లు కొట్టారు. వేదిక దిగేసరికి గౌస్ నుంచి ఫోన్.

కాశయ్య ఒక్కడే బండి మీద వస్తుంటే వాగు మలుపు దగ్గర ఒకడు కాపు కాసి నరికి చంపాడు. నరికిన కుర్రాడు పారిపోలేదు. గొడ్డలితో నడుచుకుంటూ స్టేషన్‌కే వచ్చాడు. కాశయ్య మా అన్నను చంపినాడు, నేను వాణ్ణి చంపినా అని చెప్పి గోడకానుకొని కూర్చున్నాడు. పేరు ఓబులేసు, మస్తానయ్య కొడుకునన్నాడు. అతని ముఖానికి ఫోన్‌లో ఏమీ రాలేదు. ఆ సాయంత్రం ఎక్కించారు.

మరునాడు పొద్దున ముసలాయన వచ్చాడు. నడిచి వచ్చాడు. చేతిలో అదే క్యారియర్.

లీదియా కుర్చీలోంచి లేచింది. కొడుకును చంపినవాణ్ణి ఏమైనా చేస్తాడేమోనని గౌస్‌కు కళ్ళతో సైగ చేసింది. గౌస్ క్యారియర్ విప్పి చూశాడు. సంగటి, గోంగూర పచ్చడి. అంతే.

"శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది పెద్దాయనా," అంది మెల్లగా.

"ఆడికే పోయొస్తాండా తల్లీ. సుబ్బులు కాళ్ళ మీద పడొచ్చినా."

సుబ్బులు కాశయ్య భార్య. మామ కోడలి కాళ్ళ మీద పడటం ఏమిటో లీదియాకు అర్థం కాలేదు.

ముసలాయన లాకప్ ముందు కింద చతికిలపడ్డాడు. గోడ వైపు తిరిగి ఉన్న ఓబులేసు ఆ చప్పుడుకు ఇటు తిరిగాడు.

"నిన్న నువ్వు వాని బండి ఎక్కలేదేంది, నాయనా?"

ముసలాయన క్యారియర్ మూత తీశాడు.

లీదియా బల్ల మీది ఫోన్‌ను బోర్లా పెట్టింది.

పెద్దకొడుకును చంపినవాడి వెనక ఇన్నాళ్ళూ బండెక్కి చిన్నకొడుకు చేతికి నెత్తురంటకుండా కాచుకున్న మస్తానయ్య, సంగటి ముద్దను రెండుగా తుంచి సగం ఊచల సందులోంచి లోపలికి అందించాడు; ఇటొకరు, అటొకరు కూర్చొని తిన్నారు.